చెప్పిందే రాయి

చాదర్‌ఘాట్ బడిల కింది అంతస్తు, చివరి గది.
విరిగిన బల్లలు ఒక మూల, మేమిద్దరం ఇంకో మూల.
నాకు పదిహేడేండ్లు, ఇంటర్ రెండో సంవత్సరం.
ఎల్లేశమన్నకు ముప్పై దాటినయి, చూపు లేదు,
పరీక్ష రాసుడు అది నాలుగోసారి.

నేను ప్రశ్న చదువుత, నాలుగు జవాబులు చదువుత,
అన్న అంకె చెప్తడు, నేను గుండ్రం నింపుత.
గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువిస్తరు మాకు.
ఇన్విజిలేటరు వాటిని ఆవలింతలతో కొలుస్తుండు.

డెబ్బై రెండో ప్రశ్న: మూసీ ఏ కొండల్లో పుట్టింది?
ఆ నది వాసన పీల్చుకుంట పెరిగినదాన్ని నేను.
అన్న "రెండు" అన్నడు.
మూడు.
మూడన్నా, మూడు!
ఆ మాట నోట్లకు రానియ్యలేదు. పెన్ను మొన మీదనే ఆగింది.

పెన్ను ఆగితే కూడా వినపడతదని
నాకప్పుడే తెలిసింది.
"ఎందుకాపినవ్ చెల్లే? నేను చెప్పిందే రాయి.
నీకు తెలిసింది రాస్తే నౌకరి నీదైతది, నాది గాదు."

రెండు నింపిన. నల్లగ, అంచు దాటకుండ.
అంత శ్రద్ధగ తప్పు నేనెన్నడు రాయలేదు.

ఆ ఏడు రాలేదు. ఒక్క మార్కుతోనా, పదితోనా,
నేనడగలేదు, అన్న చెప్పలేదు.
మరుసటేడు వచ్చింది. వేరే పిల్లగాడు రాసిండట.
మెడికల్ బోర్డుల డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగితే
"మీరే చెప్పాలె సార్" అన్నడట.

నాంపల్లి దగ్గర ఆఫీసు, రెండో అంతస్తు.
టేబులిచ్చిండ్రు, కుర్చీ ఇచ్చిండ్రు, రిజిస్టర్ల పేరెక్కించిండ్రు.
పనియ్యలేదు.
"నీకెందుకన్నా తిప్పలు, ఒకటో తారీకు పడ్తది గద."
అందరు మంచోళ్లే. చాయ్ చేతికి అందిస్తరు,
మెట్లకాడ భుజం పడ్తరు.
పదకొండు నెలలు
ఫైళ్లు ఈ టేబులు నుంచి ఆ టేబులుకు
తన తల మీదికెల్లి పోతుంటే
ఆ గాలి మాత్రం తగిలేదట.

ఒక సాయంత్రం మలక్‌పేటల నా మీసేవ వెతుక్కుంట వచ్చిండు.
"కంప్యూటర్ బంద్ చెయ్యి చెల్లే, పెన్ను తియ్యి."

'నాకు జీతం వస్తున్నది. పని రావడం లేదు.
చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి.
ఫైళ్లు ఫొటోలుగా కాక అక్షరాలుగా కావాలి.
పని ఇప్పించగలరు.'

చెయ్యి అలవాటు. చివరి వాక్యానికి ముందు ఒక మాట చేర్చిన.
పెన్ను జరంత ఎక్కువ దూరం నడిచింది.

"ఏం రాసినవ్ అదనంగ?"
"దయచేసి."
"నేనన్ననా?"
"మర్యాదకన్నా."
"మర్యాద 'గలరు'ల ఉన్నది. దయ నేనడగలేదు. కొట్టెయ్."

కొత్త కాగితం తీస్తనంటే వద్దన్నడు.
కొట్టివేతతోనే పోయింది ఉత్తరం.
ఇన్‌వార్డు ముద్ర సరిగ్గ దాని పక్కనే పడ్డది.

మూడు రిమైండర్ల తర్వాత కంప్యూటరొచ్చింది.
దాని తెలుగు ఒత్తులకాడ తడబడతదట,
మా సూపరింటెండెంటు కన్న నయమే అని నవ్విండు.
లిఫ్టు ఇంకా బాగుకాలేదు.

నిన్న రాత్రి ఫోను. బిడ్డ పుట్టినంత సంబురం గొంతుల.
"చెల్లే, నాకు మెమో వచ్చింది!"
"మెమోనా?"
"ఫైలు వేరే సెక్షన్‌కు పంపిన. తప్పు నాదే.
మూడొద్దులల్ల సంజాయిషీ ఇయ్యమన్నరు,
అందరి నడిగినట్టే!"

రాయనీకి రావాల్నా అన్నా, అన్న.
"వద్దు. నేనే కొడ్తున్న. నువ్వట్లనే లైన్ల ఉండు."

ఉన్న. కీబోర్డు చప్పుడు,
వెనకాల ఆ మిషిని తడబడే తెలుగు,
మళ్ల కీబోర్డు.
ఒక్కకాడ ఆగింది.

ఏ మాట దగ్గర ఆగిందో నాకు తెలువది.
నేనేం అందియ్యలేదు.